దసరా తెల్లారి బయల్దేరి భితరకనిక: అక్కడ ఒక్క రోజు చాలుతుందా?

నయీంనగర్_నాని
దసరా సెలవుల్లో కారేసుకుని ఒడిశా పోవాలని ఇంట్లో అనుకున్నాం. హన్మకొండ నుంచి ఖమ్మం, రాజమండ్రి మీదుగా విశాఖ, అక్కడ రాత్రి ఆగి మర్నాడు భువనేశ్వర్. పూరీ, కోణార్క్ అమ్మానాన్నల కోసం. నాకు మాత్రం భితరకనిక నేషనల్ పార్కు చూడాలని ఎప్పటినుంచో ఉంది. సముద్రం ఒడ్డున మడ అడవి, అందులో పడవ ప్రయాణం, ఉప్పునీటి మొసళ్లు. చిక్కేంటంటే దానికి ఒక్క రోజే మిగులుతోంది. పోనే 1100 కిలోమీటర్ల పైచిలుకు, అంత దూరం నడిపి బురద చూసి వస్తావా అని మా బావమరిది ఒకటే ఎగతాళి. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి. ఏ వైపు నుంచి పోవాలి, ఒక్క రోజులో ఏం కనిపిస్తుంది? నాన్నకు మోకాళ్ల నొప్పులు, పాపకు ఏడేళ్లు.

బతుకమ్మ_అక్క
ముందు ఇది చెప్పు తమ్మీ. సద్దుల బతుకమ్మ కాకముందే ఇల్లు కదులుదామంటే మీ ఆమె ఒప్పుకుందా?

నయీంనగర్_నాని
ఒప్పుకోలేదక్కా. దసరా నాడు జమ్మి పంచుకుని, మర్నాడు తెల్లవారుజామున బయల్దేరేలా రాజీ కుదిరింది.

కాజీపేట_జంక్షన్
కారెందుకసలు? కోణార్క్ ఎక్స్‌ప్రెస్ మన కాజీపేట, వరంగల్ మీదుగానే భువనేశ్వర్ పోతుంది. హాయిగా పడుకుని పో, అక్కడ బండి మాట్లాడుకో. మోకాళ్ల నొప్పులున్న మనిషిని రెండు రోజులు కారులో మడతపెట్టి కూర్చోబెడతావా?

నయీంనగర్_నాని
దసరాకు టికెట్లు నువ్విప్పిస్తావా అన్నా?

కాజీపేట_జంక్షన్
అది మాత్రం అడగొద్దు.

స్టీరింగ్_స్వామి
రోడ్డు సంగతి నేను చెబుతా. సత్తుపల్లి, అశ్వారావుపేట దాటి రాజమండ్రి దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే ఇక భువనేశ్వర్ దాకా అదే రోడ్డు. విశాఖ నుంచి భువనేశ్వర్ 440 కిలోమీటర్ల దాకా ఉంటుంది, భోజనానికి ఆగినా సాయంత్రానికి చేరతావు. బరంపురం దాకా తెలుగుతోనే బతకొచ్చు, ఆ ఊళ్లో కొట్టువాళ్లు సగం మంది తెలుగులోనే మాట్లాడతారు. చీకటి పడ్డాక మాత్రం నడపకు. పశువులు రోడ్డు మధ్యలో పడుకుని ఉంటాయి, హారన్ కొట్టినా లేవవు.

కాకినాడ_అల్లుడు
నేను వేరే మాట చెబుతా, తిట్టుకోవద్దు. మడ అడవి చూడాలంటే ఒడిశా దాకా దేనికి? మనకు 400 కిలోమీటర్ల లోపే కోరింగ ఉంది. కాకినాడ నుంచి యానాం రోడ్డు పట్టుకుని చొల్లంగి దాటితే వచ్చేస్తుంది. 1978లో అభయారణ్యం చేశారు, 235 చదరపు కిలోమీటర్లు. మడచెట్ల మధ్యలోంచి చెక్క వంతెన బాట వేశారు, చదునుగా ఉంటుంది కాబట్టి మీ నాన్న కూడా నడవగలరు. ఊపిరి వేర్లు బురదలోంచి పైకి పొడుచుకొచ్చి ఉంటాయి, వాటి మధ్య ఒక డెక్క మాత్రమే పెద్దగా ఉండే చిన్న చిన్న పీతలు, బురద మీద గెంతే చేపలు. అదృష్టం బాగుంటే నీటికుక్కలు కూడా కనిపిస్తాయి. చేపలు పట్టే అడవి పిల్లి కూడా అక్కడుంది కానీ అది రాత్రి తిరిగేది, పగలు ఆశ పెట్టుకోవద్దు. ఇంకో సంగతి. మంగపేట దగ్గర, ఏటూరునాగారం దగ్గర మనం చూసే గోదారే ధవళేశ్వరం దాటాక పాయలుగా చీలి, అందులో గౌతమి పాయ ఇక్కడ సముద్రంలో కలుస్తుంది. మన నీళ్లు ఎక్కడికి పోతున్నాయో మీ పాపకు చూపించినట్టూ ఉంటుంది.

మొసలి_పిచ్చోడు
అల్లుడు గారూ, కోరింగ బాగుంటుంది, కాదనను. కానీ అతను అడిగింది మొసళ్లు. ఉప్పునీటి మొసలి మన దేశంలో ఎక్కడ పడితే అక్కడ కనిపించేది కాదు. అత్తగారి ఊరి మీద ప్రేమ వేరు, మొసలి వేరు.

కాకినాడ_అల్లుడు
అత్తగారు ఈ చర్చ చదవరు కదా, ఆమె మీద ప్రేమతో రాయలేదు. దారిలోనే ఉందని రాశా. రాజమండ్రి నుంచి కాకినాడ, కోరింగ చూసుకుని కత్తిపూడి దగ్గర మళ్లీ హైవే ఎక్కొచ్చు.

మొసలి_పిచ్చోడు
సరే, నానికి పెద్ద సమాధానం రాస్తున్నా, ఓపిక ఉంటే చదువు.

ఒక్క రోజు చాలుతుంది. కానీ భువనేశ్వర్‌లో పొద్దున బయల్దేరి రాత్రికి మళ్లీ భువనేశ్వర్ వచ్చే రోజైతే చాలదు. అక్కడి నుంచి కటక్, కేంద్రాపడా, పట్టాముండై, రాజనగర్ మీదుగా గుప్తి గేటు చేరేసరికి నాలుగు గంటలు. ఎంత తొందరగా లేచినా ఎండెక్కాక పడవెక్కుతావు, మూడింటికల్లా తిరుగు ప్రయాణం టెన్షన్ మొదలవుతుంది. ముందు రాత్రే దగ్గర్లో పడుకోవాలి. రెండు వైపుల నుంచి పోవచ్చు. దక్షిణం నుంచి గుప్తి, ఖోలా. ఉత్తరం నుంచి చాంద్‌బాలి, జయనగర్. చాంద్‌బాలి కొంచెం పెద్ద ఊరు, బస దొరుకుతుంది, వైతరణి ఒడ్డునే పడవలుంటాయి.

అసలు సంగతి ఆటుపోట్లు. మనం చెరువుల దగ్గర పెరిగినవాళ్లం. మన దగ్గర నీళ్లు పొద్దున ఎంతుంటే సాయంత్రం అంతే. అక్కడ అలా కాదు. రోజుకు రెండుసార్లు పోటు, అంటే నీళ్లు ఎక్కడం, రెండుసార్లు పాటు, అంటే నీళ్లు తీయడం. పోటు మీద ఉన్నప్పుడు నీళ్లు చెట్ల మొదళ్ల దాకా వస్తాయి, ఒడ్డు కనిపించదు, మొసలి ఎక్కడ పడుకోవాలి? పాటు వచ్చి బురద బయటపడితేనే అవి పైకొచ్చి ఎండ కాచుకుంటాయి. జనం గంట చూసుకుని పోతారు, మొసళ్లు కనిపించలేదని తిట్టుకుంటూ వస్తారు. పాటు ఏ టైముకో ముందే తెలుసుకుని, నీళ్లు తీస్తున్నప్పుడు వాగుల్లో ఉండేలా పడవ మాట్లాడుకో. ప్రతి రోజూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది, కాబట్టి పోయిన వారం ఎవరో చెప్పిన టైము నీకు పనికిరాదు.

పడవ దంగమాల్ దగ్గర ఆగుతుంది. అక్కడ మొసళ్ల పెంపక కేంద్రం, చిన్న మ్యూజియం ఉన్నాయి. 1975లో మొదలుపెట్టారు, అప్పటికి అక్కడ మిగిలినవి వంద దాకానే. గుడ్లు ఏరుకొచ్చి పొదిగించి, పిల్లల్ని కొంత పెంచి వాగుల్లో వదిలారు. ఇప్పుడు లెక్క 1800 దాటింది. 23 అడుగుల మొసలి ఇక్కడిదే, గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. తర్వాత భితరకనిక దీవిలో దిగి అడవిలో నడక ఉంటుంది, కనికా రాజులు వేటకు కట్టించుకున్న మంచె, పాత గుడి. మీ నాన్న ఆ నడక వదిలేసి దంగమాల్‌లోనే కూర్చోవచ్చు.

చౌరస్తా_చాయ్
23 అడుగులంటే మా గల్లీ వెడల్పు అంత లేదు.

పాకాల_చెరువు
పిచ్చోడు భాయ్ రాసిందాంట్లో ఒకటి సగమే కరెక్టు. పాటు ఉంటే మొసలి ఒడ్డెక్కుతుందని ఎవరన్నారు? అది ఎండ కాచుకునేది ఒంట్లో వేడి కోసం. డిసెంబర్, జనవరిలో నీళ్లు చల్లగా ఉంటాయి కాబట్టి గంటలకు గంటలు బురద మీదే పడి ఉంటుంది. అక్టోబర్‌లో నీళ్లు వెచ్చగానే ఉంటాయి, దానికి బయటికి రావాల్సిన పనేముంది? పొద్దున కాసేపు వస్తుంది, ఎండ ముదిరితే దిగిపోతుంది. మొసళ్ల కోసమే అయితే సంక్రాంతి దాటాక పోవాలి. అది కూడా జనవరిలో మొసళ్ల లెక్కలకని కొన్ని రోజులు పార్కు మూస్తారు, కనుక్కుని పోవాలి. మే 1 నుంచి జులై 31 దాకా ఎలాగూ బంద్. అవి గుడ్లు పెట్టే కాలం, ఆకులూ బురదా కుప్పగా పోసి గూడు కట్టుకుని ఆడమొసలి కాపలా కాస్తుంది.

అక్టోబర్‌లో నీకు దొరికేది పక్షులు. బాగాగహన అని ఒక చోటుంది, వానాకాలంలో కొంగలు వేలకు వేలు అక్కడ గూళ్లు పెడతాయి, ఎక్కువగా నత్తగుల్ల కొంగలు. దసరా నాటికి పిల్లలు పెద్దవై రెక్కలు కొడుతూ ఉంటాయి. ఆ అరుపులు, ఆ వాసన, మంచె ఎక్కేముందు ముక్కుకు గుడ్డ కట్టుకో. లకుముకి పిట్టల్లోనే ఎనిమిది రకాలున్నాయి అక్కడ, గోధుమ రెక్కల పెద్దది మన దగ్గర అసలు కనిపించదు. నేను పాకాలలో, ఏటూరునాగారంలో పక్షులు చూస్తూ పెరిగినవాణ్ని, నాకే అవి కొత్తగా అనిపించాయి. మొసలి ఒక్కటే చూడాలని పోయేవాళ్లు సగం పార్కును చూడకుండా వస్తారు.

మొసలి_పిచ్చోడు
అక్టోబర్‌లో మొసళ్లు రావని మాత్రం ఒప్పుకోను. తక్కువ కనిపిస్తాయి, అంతే. పొద్దుటి పాటు దొరికితే తప్పకుండా కనిపిస్తాయి.

పాకాల_చెరువు
నేను కూడా అదే అన్నా. "పొద్దున కాసేపు" అని రాశా, చదువు.

జనగామ_జామకాయ
నా కథ వినండి. క్రిస్మస్ సెలవుల్లో పోయాం, ఒక ట్రావెల్స్ వాళ్ల ప్యాకేజీ. నలభై మందిని ఒక పడవలో ఎక్కించారు, అందులో ఒకాయన స్పీకర్ పెట్టి పాటలు. మొసలి కనిపించగానే అందరూ ఒకే పక్కకు ఉరికారు, పడవ వంగింది, పడవాయన నెత్తి పట్టుకున్నాడు. మొసలికి చిరాకేసి నీళ్లలోకి జారిపోయింది. చిన్న వాగుల్లోకి పెద్ద పడవ పోదన్నారు. బాగాగహన ఊసే ఎత్తలేదు. నేనైతే పైసలు దండగ అంటాను. బావమరిది మాట వినడమే మంచిది.

అన్నట్టు మా అమ్మ ఒక నీలం లకుముకి పిట్టను చూసి పాలపిట్టనుకుని పడవలోనే లేచి నిలబడి దండం పెట్టింది. దసరా అయిపోయి రెండు నెలలు దాటింది.

చౌరస్తా_చాయ్
దండం పెట్టడానికి ఆలస్యమేముంది, అమ్మ చేసిందే కరెక్టు.

స్టీరింగ్_స్వామి
జామకాయా, అది పార్కు తప్పా, ప్యాకేజీ తప్పా? నలుగురైదుగురు కలిసి చిన్న పడవ విడిగా మాట్లాడుకుంటే ఆ గోల ఉండదు. కొంచెం ఖర్చెక్కువ.

జనగామ_జామకాయ
కొంచెమా? మీ దగ్గర ఉన్నట్టుంది స్వామీ.

గోదావరిఖని_షిఫ్ట్
అక్టోబర్ అంటున్నారు, తుపాన్ల మాట ఎవరూ ఎత్తట్లేదు. 2024 అక్టోబర్ 24 రాత్రి దానా తుపాను తీరం దాటింది సరిగ్గా భితరకనిక, ధామ్రా మధ్యలోనే. మా దోస్తు కుటుంబం బుకింగులన్నీ చేసుకుని బరంపురం నుంచే వెనక్కి వచ్చింది. వాతావరణ శాఖ బులెటిన్ చూడకుండా విశాఖ దాటొద్దు. ముందే డబ్బు కట్టే బసలు తీసుకోకు.

పాకాల_చెరువు
ఇది చాలా మంచి మాట. 1999 సూపర్ సైక్లోన్ అప్పుడు మడ అడవి అడ్డంగా ఉన్న ఊళ్లలో ప్రాణనష్టం తక్కువ జరిగిందని ఆ జిల్లాలో అందరూ చెబుతారు. బురద చూడటానికా అన్న బావమరిదికి ఇది వినిపించు.

పరకాల_సార్
నేను భూగోళం చెప్పి రిటైరైనవాణ్ని కాబట్టి కాస్త దూరుతున్నా. ఆటుపోట్ల టైము వెతుక్కునేముందు పంచాంగం చూడండి. అమావాస్యకు, పౌర్ణమికి సూర్యుడు, చంద్రుడు ఒకే వరుసలో లాగుతారు కాబట్టి పోటు బాగా ఎక్కుతుంది, పాటు బాగా తీస్తుంది. అష్టమి ప్రాంతంలో రెండింటి తేడా తక్కువ. ఈ ప్రభావం తిథి తర్వాత ఒకటి రెండు రోజులకు పూర్తిగా కనిపిస్తుంది. దసరా అంటే ఆశ్వయుజ శుద్ధ దశమి, అంటే ఆ రోజుకు తేడా ఇంకా చిన్నగానే ఉంటుంది. నాని ఏకాదశి నాడు బయల్దేరి, విశాఖలో ఆగి, పూరీ, కోణార్క్ చూసుకుని భితరకనిక చేరేసరికి పౌర్ణమి వచ్చేస్తుంది. అంటే నీళ్లు బాగా తీస్తాయి, బురద వెడల్పుగా బయటపడుతుంది. చూడటానికి మంచిదే. కానీ రెండు ఇబ్బందులు. పాటు మరీ కిందికి పోతే చిన్న వాగుల్లో పడవ తిరగదు. రేవు మెట్లు నాచు పట్టి కింది దాకా బయటపడతాయి, మోకాళ్ల నొప్పులున్న మనిషి దిగడం కష్టం. ఆయన్ను నీళ్లు నిండుగా ఉన్నప్పుడే పడవెక్కించి, పడవలో ఉండగా నీళ్లు తీసేలా చూసుకోవాలి.

నయీంనగర్_నాని
సార్, ఈ మాట ఎక్కడా దొరకలేదు నాకు. మా నాన్న ఎక్కే దిగే సంగతి గురించే ఇంట్లో రోజూ చర్చ.

బతుకమ్మ_అక్క
సార్ పాఠం నాకు కూడా అర్థమైంది, అదే ఆశ్చర్యం. మా ఇంట్లో పంచాంగం ఏకాదశి ఉపవాసాలకే.

సిరిసిల్ల_మగ్గం
నేను అటు పోయింది మొసళ్ల కోసం కాదు. రాజనగర్ దాటాక సముద్రం వైపు సతభాయా అని ఉండేది. అక్కడి ఊళ్లను కొంచెం కొంచెంగా సముద్రం తినేసింది. ఇళ్లు, పొలాలు, బడి అన్నీ పోయాయి. మిగిలినవాళ్లను బాగపాటియా అనే చోటుకు తరలించారు. వాళ్ల దేవతలు పంచుబరాహి, ఆ గుడిలో పూజారులు ఆడవాళ్లే, పెళ్లయిన మత్స్యకార స్త్రీలు. మగవాళ్లు విగ్రహాలు ముట్టరాదు. 2018లో గుడిని కొత్త చోటికి మార్చాల్సి వచ్చినప్పుడు, బరువు ఎత్తలేక మగవాళ్లను పిలిచారు. మా అమ్మమ్మ వాళ్ల ఊరు ప్రాజెక్టు కింద మునిగింది, పోచమ్మను కొత్త కాలనీకి తెచ్చుకున్నప్పుడు మా వాడకట్టోళ్లు ఏడ్చింది నాకు గుర్తుంది. అందుకే బాగపాటియాలో ఒక పెద్దామెతో కూర్చుని చాలాసేపు మాట్లాడా. ఆమెకు తెలుగు రాదు, నాకు ఒడియా రాదు, మధ్యలో డ్రైవరు.

ఇంకొకటి. అక్కడి ఊళ్లలో స్నానాల రేవుల చుట్టూ కంచె కట్టి ఉంటుంది, మొసళ్లు మనుషుల్ని లాక్కెళ్తాయి కాబట్టి. 1800 అని మనం సంబరంగా రాసుకుంటాం. బట్టలుతకడానికి దిగేవాళ్లకు ఆ లెక్క వేరే రకంగా వినిపిస్తుంది.

మొసలి_పిచ్చోడు
నిజమే. పడవలోంచి చెయ్యి బయట పెట్టొద్దు, పాపను అంచున కూర్చోబెట్టొద్దు అని రాయడం మర్చిపోయా. సరదాకి చెప్పట్లేదు.

కాకినాడ_అల్లుడు
తాబేళ్ల సంగతేంటి? భితరకనిక అనగానే అందరూ తాబేళ్లు అంటారు కదా.

పాకాల_చెరువు
అది గహిరమథా, పక్కనే. 1997లో సముద్ర అభయారణ్యం చేశారు. ఆలివ్ రిడ్లీలు లక్షల్లో వచ్చి గుడ్లు పెట్టేది ఎక్కువగా ఫిబ్రవరి, మార్చిలో, ఆ దీవుల మీదికి మనల్ని రానివ్వరు. పక్కనే క్షిపణి పరీక్షల దీవి. తాబేళ్లే చూడాలంటే అదే నెలల్లో గంజాం జిల్లా ఋషికుల్య దగ్గరికి పోవాలి, అది హైవేకు దగ్గర. అక్టోబర్‌లో ఎక్కడా ఉండవు.

చౌరస్తా_చాయ్
మొసళ్లు జనవరిలో, తాబేళ్లు మార్చిలో, తుపాన్లు అక్టోబర్‌లో. నాని సరైన నెలే పట్టాడు.

స్టీరింగ్_స్వామి
తిండి గురించి ఎవరూ రాయలేదు. కటక్ నుంచి కేంద్రాపడా పోయే దారిలో సాలేపూర్‌లో రసగుల్లా, కేంద్రాపడాలో రసాబళి. పాలలో నానబెట్టిన ఛేనా (విరిగిన పాల ముద్ద) అప్పాలు, బలదేవుడి గుడిలో నైవేద్యం పెడతారు, ఆ ఊరి ప్రత్యేకతగా జీఐ గుర్తింపు కూడా వచ్చింది. మధ్యాహ్నం పప్పు, కూరగాయలు కలిపి చేసే దాల్మా మీ అమ్మానాన్నలకు పడుతుంది. కారం మాత్రం ఉండదు, మన పచ్చళ్ల డబ్బా వెంట పెట్టుకో.

పరకాల_సార్
స్వామి కేంద్రాపడా అన్నాడు కాబట్టి గుర్తొచ్చింది. అక్కడ కుమార పౌర్ణమి నుంచి గజలక్ష్మి పూజలు పెద్ద ఎత్తున చేస్తారు, వారం దాకా ఊరంతా పందిళ్లే. నాని సరిగ్గా ఆ రోజులకే పోతున్నాడు. ఆ ఊరి మీదుగా కారులో పోవడమంటే మేడారం జాతర రోజున తాడ్వాయి రోడ్డు పట్టినట్టే. ఉత్తరం వైపు నుంచి, భద్రక్ దాకా హైవే మీద పోయి అక్కడ చాంద్‌బాలికి తిరగడం మేలు.

నయీంనగర్_నాని
అయితే పూరీలో ఒక రాత్రి తగ్గించి ముందు రోజు సాయంత్రానికే చాంద్‌బాలి చేరతాం. చిన్న పడవ విడిగా మాట్లాడతా. పాటు టైము అక్కడి పడవవాళ్లనే ముందు రోజు అడిగి, నాన్నను నీళ్లు నిండుగా ఉన్నప్పుడే ఎక్కిస్తా. కోరింగ వచ్చేటప్పుడు, ఓపిక మిగిలితేనే. రసాబళి పోతుందే స్వామన్నా, అదొక్కటే బాధ.

స్టీరింగ్_స్వామి
భువనేశ్వర్‌లో కూడా దొరుకుతుంది, అంత రుచి ఉండదు. తిని ఊరుకో.

జనగామ_జామకాయ
చిన్న పడవలో సీటు మిగిలితే చెప్పు, మా అమ్మ మళ్లీ వస్తానంటోంది.

నయీంనగర్_నాని
పాప సైజు లైఫ్ జాకెట్ అక్కడ ఇస్తారా, ఎవరికైనా తెలుసా?

మొసలి_పిచ్చోడు
పెద్దవాళ్లవి ఇస్తారు, చిన్న సైజు ఉంటుందన్న గ్యారంటీ లేదు. ఇక్కడే కొని డిక్కీలో వేసుకో. ఆధార్ కార్డులు అందరివీ పెట్టుకో, పర్మిట్‌కు అడుగుతారు. ప్లాస్టిక్ సంచులు, చిప్స్ ప్యాకెట్లు గేటు దగ్గరే ఆపేస్తారు, పాపకు తినేవి స్టీలు డబ్బాలో సర్దించు.